ఈ బోరు ఎన్నాళ్లు ఇస్తుంది?

శ్రోతలకు నమస్కారం. బోరు వేసిన రోజున కంప్రెసర్ గాలికి నీళ్లు ఎగజిమ్మగానే చాలామంది లెక్క తేల్చేస్తారు. ఊరంతటికీ నీళ్లివ్వాల్సిన బోరుకు అది చాలదు. మొదట్లో వచ్చేవి చాలావరకు గొట్టంలో, దగ్గరి పగుళ్లలో నిలవున్న నీళ్లు. వాన లేకుండా ఆరు నెలలు గడిచాక సంగతేమిటన్నదే ప్రశ్న.

అది తేల్చేందుకు నీళ్లు తోడి చూసే పరీక్ష ఉంది. దానికి ముందు బోరును కనీసం ఒక రోజు ఆపి, కదలని నీటిమట్టం రాసుకోవాలి. మొదట తక్కువ నీటితో మొదలుపెట్టి, మూడు నాలుగు దఫాలుగా పెంచుతూ, ఒక్కో దఫా గంటకు తగ్గకుండా తోడతారు. బోరు ఎంతవరకు తట్టుకుంటుందో దీంతో తెలుస్తుంది. మట్టం మళ్లీ కోలుకున్నాక అసలు పరీక్ష: ఒకే ధారతో 24 నుంచి 72 గంటలు.

ఒకే ధార అనడం తేలికే! మట్టం దిగేకొద్దీ మోటారు తక్కువ ఎత్తిపోస్తుంది. అందుకే వాల్వును సగం మూసి మొదలుపెట్టి, కొద్దికొద్దిగా తెరుస్తూ పోవాలి. 200 లీటర్ల డ్రమ్ము 25 సెకన్లలో నిండితే నిమిషానికి 480 లీటర్లు. మట్టాన్ని మొదటి పది నిమిషాలు నిమిషానికోసారి కొలవాలి, తర్వాత ఎడం పెంచుకోవచ్చు. తోడిన నీటిని పైపుతో దూరంగా దిగువకు పంపాలి. పక్కనే వదిలితే మళ్లీ ఇంకి, లేని బలం చూపిస్తుంది. మధ్యలో మోటారు చాలాసేపు ఆగిందా, మట్టం కోలుకున్నాక మొదటి నుంచి చేయాల్సిందే.

ఇక లెక్క. ఒకే తీరున సాగే నీటిపొరలో, కాలం పదింతలైన ప్రతిసారీ మట్టం దాదాపు ఒకే కొలత దిగుతుంది. అది 1.5 మీటర్లనుకుందాం. మొదటి రోజు నుంచి పదో రోజుకు 1.5, వందో రోజుకు మరో 1.5, 180వ రోజుకు ఇంకో 0.4. మొదటి రోజు దిగినదానిపై మొత్తం 3.4 మీటర్లు. అప్పటికీ మట్టం మోటారుకూ, నీళ్లిచ్చే పగులుకూ పైనే ఉండాలి. ఎండాకాలపు మట్టం నుంచి లెక్క కడితేనే నమ్మొచ్చు.

చిక్కు ఎక్కడంటే, రెండో రోజో మూడో రోజో ఆ దిగుడు రెట్టింపు కావచ్చు. నీటిపొరకు ఒకవైపు గట్టి రాయి అడ్డుపడిందని అనుమానించాలి. 3.4 కాస్తా ఆరు మీటర్లు దాటుతుంది. ఖర్చు మిగులుతుందని 24 గంటలకే ఆపేస్తే ఇది కంటపడదు.

మోటారు ఆపాక కూడా కొలతలు ఆపకూడదు. కాకపోతే పైపులో నాన్ రిటర్న్ వాల్వు లేకపోతే, అందులోని నీళ్లు వెనక్కి పడి తొలి రీడింగులు చెడతాయి. తోడినంతసేపు ఆగినా మట్టం పాత చోటికి చేరకుండా, కిందే నిలిచిపోతే నీటిపొర చిన్నదన్నమాట. అలాంటి బోరుకు రోజూ తోడే నీటిని తగ్గించి, చిన్న మోటారు పెట్టడమే సరి.