మాత్ర రోజూ వేసుకోవాలా, తాగబోయే ముందా?

మాధవి: నమస్కారం. మద్యం తాగినప్పుడు మెదడులోని మ్యూ, డెల్టా, కప్పా అనే మూడు ఓపియాయిడ్ రిసెప్టర్లు, అంటే నల్లమందు లాంటి రసాయనాలు అతుక్కునే గ్రాహకాలు, ఏం చేస్తాయన్నది, తాగుడు తగ్గించడానికి వాటిని అడ్డుకునే మాత్రను ఎప్పుడు వేసుకోవాలన్నది ఈ వారం విషయం. రఘు గారూ, మీ ఎలుకల ప్రయోగాలు చివర్లోనే.

రఘు: మాట ఇచ్చాను కదా, మాధవి గారూ. మద్యం పడగానే మెదడు ఎండార్ఫిన్లనే తన సొంత ఓపియాయిడ్లను విడుదల చేస్తుంది. అవి మ్యూ రిసెప్టర్లను తాకినప్పుడు కోరికను రేపే డోపమైన్ అనే రసాయనం పెరిగి, ఇంకో గుక్క కావాలనిపిస్తుంది. మ్యూ రిసెప్టర్లే లేకుండా పుట్టించిన చిట్టెలుకలైతే...

మాధవి: చిట్టెలుకలూ ఎలుకలే.

రఘు: సరే, మనుషులకే వస్తాను. ఆ రిసెప్టర్లను అడ్డుకునే నాల్ట్రెక్సోన్ అనే మాత్రను ఫిలడెల్ఫియాలో 70 మంది మాజీ సైనికులపై 12 వారాలు పరీక్షించి, 1992లో ఫలితాలు ప్రకటించారు. ఉత్తుత్తి మాత్ర వేసుకుంటూ మధ్యలో మద్యం రుచి చూసిన 20 మందిలో 19 మంది మళ్లీ పాత తాగుడులో పడిపోగా, నాల్ట్రెక్సోన్ వేసుకుంటూ రుచి చూసిన 16 మందిలో 8 మందే పడిపోయారు. అంటే మాత్ర అసలు పని మొదటి గ్లాసు తర్వాతే కనిపించింది. అందుకే ఫిన్లాండ్‌లో సింక్లెయిర్ అనే పరిశోధకుడు తాగబోయే గంట ముందు మాత్రమే వేసుకోమన్నారు.

మాధవి: ఇక్కడే నేను ఒప్పుకోను. ఆ సైనికులు మాత్రను రోజూ వేసుకున్నారు, దానితోపాటు కౌన్సెలింగ్ కూడా పొందారు. తాగాలనే కోరిక ముంచుకొచ్చిన సాయంత్రం, గంట ముందు మాత్ర వేసుకోవాలని ఆ మనిషికి గుర్తుంటుందని ఎలా నమ్మమంటారు? ‘మాత్ర వేసుకుని తాగు’ అని డాక్టరే చెబితే, ఇన్నేళ్లుగా సీసాలు దాస్తూ వచ్చిన భార్య ఏమైపోవాలి?

రఘు: ఆమె బాధ నాకు అర్థమవుతుంది. కానీ రోజూ వేసుకుంటే తిండిలోనూ ఆటలోనూ దొరికే ఆనందానికి కూడా అడ్డు తగలవచ్చని సింక్లెయిర్ వాదన. ఆయన ఎలుకలు...

మాధవి: రఘు గారూ!

రఘు: 2013లో యూరప్‌లో అనుమతి పొందిన, ఇదే తరహా మందైన నాల్మెఫీన్‌నైనా చూడండి, తాగే ప్రమాదం ఉందనిపించిన రోజున వేసుకోమనే చెబుతారు.

మాధవి: అవసరమైన రోజేదో తాగుడుకు బానిసైన మనిషే తేల్చుకోవాలనడం నాకు భయంగానే ఉంది. ఒక్క విషయంలో మాత్రం మనకు తేడా లేదు: ట్రమడాల్ వంటి ఓపియాయిడ్ నొప్పి మాత్రలు వాడుతున్నవారు నాల్ట్రెక్సోన్ వేసుకుంటే ఒక్కసారిగా తీవ్రమైన విత్‌డ్రాయల్, అంటే అలవాటైన మందు హఠాత్తుగా ఆగినప్పుడు ఒంటికి కలిగే బాధ, రావచ్చు కాబట్టి, డాక్టరుకు చెప్పకుండా ఎవరూ ముట్టుకోకూడదు. ఇక కప్పా సంగతి?

రఘు: తాగుడు మానిన రోజుల్లో డైనార్ఫిన్ అనే మరో మెదడు రసాయనం ఆ కప్పా రిసెప్టర్ల ద్వారా మనసును కుంగదీస్తుంది, అందుకే కొందరు ఆనందం కోసం కాక ఆ దిగులు తప్పించుకోవడానికే మళ్లీ తాగుతారు. దీన్ని మొదట ఎలుకల్లో...

మాధవి: డెల్టాకు సమయం మిగల్లేదు, వచ్చే వారం దానితోనే మొదలుపెడదాం.