విషవాయువు తగిలితే టీబీ క్రిమి ఏం చేస్తుంది?

అందరికీ నమస్కారం. మైక్రోబయాలజీ చదివే డిగ్రీ పిల్లలను, మన నల్గొండ పల్లెల్లో తిరిగే ఆశా అక్కలను ఒకే హాల్లో కూర్చోబెట్టి మాట్లాడమంటే కొంచెం టెన్షన్‌గానే ఉంది. పిల్లలు పేర్లు రాసుకోండి, పరీక్షకు పనికొస్తాయి. అక్కలకు పేర్లతో పని లేదు, సంగతి వింటే చాలు.

నేను చెప్పబోయే విషవాయువు పేరు నైట్రిక్ ఆక్సైడ్. అంటే ఒక నైట్రోజన్, ఒక ఆక్సిజన్, అంతే. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ గోలీ ఒంట్లోకి పోయి విడుదల చేసేది ఇదే, దాంతోనే రక్తనాళాలు వదులవుతాయి. గుండె, రక్తనాళాల్లో ఈ వాయువు చేసే పని బయటపెట్టిన ముగ్గురికి 1998లో నోబెల్ వచ్చింది. అదే వాయువును మన మాక్రోఫేజ్ కణాలు, అంటే ఒంట్లో క్రిములను మింగే కాపలా కణాలు, ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం నుంచి చాలా ఎక్కువగా తయారుచేసి, తాము మింగిన క్రిమి మీదికి వదులుతాయి. క్రిమి ఊపిరికి వాడే ఎంజైముల్లో ఇనుము ఉంటుంది కదా, ఇది పోయి ఆ ఇనుముకే అతుక్కుంటుంది, ఊపిరి ఆగుతుంది. ఆ కణాలే వదిలే సూపరాక్సైడ్ అనే ఇంకో విషంతో కలిస్తే పెరాక్సీనైట్రైట్ అవుతుంది, అది ఇంకా దుర్మార్గం.

మరి క్రిమి ఊరుకుంటుందా?

ఈ.కోలై, సాల్మొనెల్లా లాంటివాటిలో ఎన్ఎస్ఆర్ఆర్ అనే ప్రొటీన్ డీఎన్ఏ మీద కూర్చుని కొన్ని జీన్లను ఆపి ఉంచుతుంది. దానిలోనూ ఇనుము, గంధకం కలిసిన గుత్తి ఉంటుంది. వాయువు వచ్చి ఆ గుత్తిని కొట్టగానే అది డీఎన్ఏను వదిలేస్తుంది, ఆగి ఉన్న జీన్లు మొదలవుతాయి. అంటే దెబ్బ తగలడమే కబురన్నమాట, నాకు ఈ ఏర్పాటు భలే నచ్చుతుంది. అప్పుడు తయారయ్యే హెచ్ఎంపీ అనే ఫ్లేవోహిమోగ్లోబిన్ ఈ వాయువుకు ఆక్సిజన్ కలిపి నైట్రేట్‌గా మార్చేస్తుంది, విషం పోతుంది. ఆక్సిజన్ లేని చోట ఇంకో ఎంజైము దాన్ని నైట్రస్ ఆక్సైడ్ చేస్తుంది, అదే లాఫింగ్ గ్యాస్. హిమోగ్లోబిన్ నెత్తుట్లోనే ఉంటుందనుకోకండి, వనపర్తి దిక్కు పల్లి చెట్టు పీకి వేళ్ల మీది బుడిపె కోసి చూస్తే లోపల ఎర్రగా ఉండేది కూడా ఆ జాతి ప్రొటీనే, దాని అసలు పని ఆక్సిజన్‌ది అయినా నైట్రిక్ ఆక్సైడ్‌ను కూడా తుడిచేస్తుంది.

ఇక టీబీ. దీని దగ్గరా విషాన్ని నైట్రేట్ చేసే చిన్న హిమోగ్లోబిన్ ఉంది, పెరాక్సీనైట్రైట్‌ను విరిచే ఏహెచ్‌పీసీ అనే ఎంజైము ఉంది, ప్రొటీన్లను ముక్కలు చేసే ప్రొటియాసోమ్ చెడితే ఈ క్రిమి నైట్రిక్ ఆక్సైడ్‌ను తట్టుకోలేదని 2003లో తేలింది. కానీ అసలు తెలివి వేరే చోట ఉంది. డాస్ఎస్, డాస్‌టీ అనే రెండు ప్రొటీన్లు వాయువు కొద్దిగా తగలగానే పసిగట్టి డాస్ఆర్ అనే ఇంకో ప్రొటీన్‌కు చెబుతాయి, అది దాదాపు 50 జీన్లను నడిపించి క్రిమిని పెరగడం ఆపేసేలా చేస్తుంది. చెరువు ఎండితే కొర్రమీను బురదలో దూరి వానదాకా ఉన్నట్టు, తినకుండా పెరగకుండా పడి ఉంటుంది. పెరిగే క్రిమి గోడను కట్టనివ్వకుండా చంపే ఐసోనియాజిడ్ లాంటి మందు, గోడే కట్టని దాన్ని ఏం చేస్తుంది? రెండు నెలలకు దగ్గు తగ్గి, "మంచిగైంది కద మేడం, ఇంక గోలీలెందుకు?" అని అడిగేవాళ్లు మీకు రోజూ తగులుతారు కదా అక్కా, కోర్సు అంత పొడుగు ఉండడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ వాయువు తయారుచేసే ఎంజైము లేని ఎలుకలకు టీబీ సోకితే త్వరగా చచ్చిపోతాయి, అది గట్టి సాక్ష్యం. మనుషుల మాక్రోఫేజ్‌లు అంత వాయువు తయారుచేస్తాయా అన్నదానిపై మాత్రం ఇంకా వాదన నడుస్తోంది.

మామూలు మందులకు లొంగని మొండి టీబీకి ఇప్పుడు ఇస్తున్న ప్రిటోమానిడ్ అనే మందు సంగతి తమాషాగా ఉంటుంది. ఆ మందు లోపలికి పోయాక క్రిమి సొంత ఎంజైము, డీడీఎన్, దాన్ని విరుస్తుంది, విరిచినప్పుడు నైట్రిక్ ఆక్సైడ్ క్రిమి కడుపులోనే పుడుతుంది. పెరగకుండా పడి ఉన్నదాన్ని కూడా అక్కడే చంపుతుంది. డీడీఎన్ చెడిన క్రిములకు మాత్రం ఇది ఎక్కదు, అందుకే ఒక్కదాన్నే ఇవ్వరు, బెడాక్విలిన్, లినెజోలిడ్, మాక్సీఫ్లాక్సాసిన్‌తో కలిపి ఆరు నెలలు ఇస్తారు. 2024లో మన దేశం కూడా ఈ నాలుగు మందుల కోర్సును ఒప్పుకుంది.

ఇక అడగండి. ముందు అక్కలు, తర్వాత పిల్లలు.