నాలుగే రంగులతో అక్రిలిక్: జోర్న్ ప్యాలెట్ కొత్తవాళ్లకి పనికొస్తుందా?

నమస్తే అండి. అక్రిలిక్ నేర్చుకుందామని షాపుకెళ్తే ముందు మన చేతిలో పెట్టేది 24 రంగుల డబ్బా. చూడ్డానికి చాలా బాగుంటుంది. నేర్చుకునేవాళ్లు మాత్రం ఆ డబ్బా కొనొద్దనే నేనంటాను. దాని బదులు నాలుగే ట్యూబులు పెట్టుకుని మొదలుపెట్టే పద్ధతి ఒకటుంది, జోర్న్ ప్యాలెట్ అంటారు. ఇవాళ రివ్యూ దానిదే. ఎల్లో ఓకర్ అంటే మట్టిపసుపు, ఒక ఎరుపు, ఒక నలుపు, తెలుపు. అంతే. నీలం లేదు, గమనించారా? ఆ నీలం సంగతి ఈ వీడియోలో కాస్త ఎక్కువసేపే మాట్లాడుకుందాం.

జోర్న్ అంటే ఆండర్స్ జోర్న్, స్వీడన్ చిత్రకారుడు. 1860లో పుట్టి 1920లో పోయారు. అమెరికా అధ్యక్షులు క్లీవ్‌లాండ్, టాఫ్ట్‌ల చిత్తరువులు వేసింది ఈయనే. 1896లో తన బొమ్మ తానే వేసుకున్నారు, అందులో ఆయన చేతిలోని ప్యాలెట్ మీద కనిపించేవి ఈ రంగులే. అలాగని ఆయన జన్మంతా ఈ నాలుగే వాడారని అనుకోకండి, అవసరమైన చోట నీలం, పచ్చ కూడా వాడారు. మనుషుల ముఖాలకి మాత్రం ఈ నాలుగు ఎంతవరకు సరిపోతాయో ఆయన బొమ్మలు చూస్తే తెలిసిపోతుంది.

ఇక్కడొక చిక్కుంది. ఆయన వేసింది ఆయిల్‌లో. మనం అక్రిలిక్‌కి తెచ్చుకునేటప్పుడు రెండు ట్యూబుల విషయంలో జాగ్రత్తపడాలి. మొదటిది ఎరుపు. ఆయన వాడింది వెర్మిలియన్, అంటే మన ఇంగిలీకం, పాదరసం గంధకం కలిసిన రంగు. అక్రిలిక్‌లో దాని స్థానంలో కాడ్మియం రెడ్ లైట్ తీసుకుంటాం. ట్యూబు వెనక పీఆర్ 108 అని కోడ్ ఉంటుంది, లోపలున్న పిగ్మెంట్ ఏదో, అంటే రంగునిచ్చే పొడి ఏదో చెప్పేది అదే. ఖరీదు ఎక్కువే. అంత పెట్టలేకపోతే నాఫ్తాల్ రెడ్, పీఆర్ 112, హాయిగా పనిచేస్తుంది. కొంచెం పల్చగా పరుచుకుంటుంది, రెండో పూత వేస్తే సరి. పేరు చివర "హ్యూ" అని ఉంటే అసలు పిగ్మెంట్ కాకుండా వేరేవాటితో ఆ రంగు తెప్పించారని అర్థం. నేర్చుకోడానికి అదీ ఓకే.

రెండోది నలుపు. ఈ ప్యాలెట్ ప్రాణమంతా ఇందులోనే ఉంది. ఇదొక్కటి మాత్రం ఆగి చూడండి. ఇప్పుడు కెమెరా దగ్గరికి తెస్తున్నా. ఎడమవైపు ఐవరీ బ్లాక్, పీబీకే 9. కుడివైపు మార్స్ బ్లాక్, పీబీకే 11, ఇది ఐరన్ ఆక్సైడ్. ట్యూబులోంచి తీసినప్పుడు రెండూ ఒకేలా ఉన్నాయి కదా. ఇప్పుడు రెండింట్లోనూ తెలుపు కలుపుతున్నా, కొద్దికొద్దిగా. చూస్తున్నారా? ఎడమవైపు బూడిద రంగులో సన్నగా నీలం ఛాయ తేలింది. కుడివైపుది కాస్త గోధుమవైపు మొగ్గింది. ఇప్పుడు ఓకర్‌లో ఎరుపు కలిపి, వచ్చిన నారింజ రంగుని రెండింటి పక్కనా పూస్తున్నా. ఎడమవైపు బూడిద ఇప్పుడు నీలంలాగే కనిపిస్తోంది! నేను అందులో కొత్తగా ఏమీ కలపలేదు. పక్కన నారింజ ఉండడంతో మన కన్ను దాన్ని నీలంగా చదువుకుంటోంది.

దీని వెనక మంచి కథ ఉంది. పారిస్‌లో గోబెలాఁ అనే నేత కర్మాగారంలో షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త అద్దకాల విభాగం చూసేవారు. నల్ల నూలు సరిగ్గా నల్లగా లేదని ఫిర్యాదులు వస్తే ఆయన పరీక్ష చేశారు. అద్దకంలో లోపం లేదు, పక్కపక్కన నేసిన రంగుల వల్ల నలుపు అలా కనిపిస్తోందని తేల్చారు. 1839లో దాని మీద ఒక పెద్ద పుస్తకమే వేశారు. రంగు ట్యూబులో ఎంతుంటుందో దాని పక్కనున్న రంగులో కూడా అంతే ఉంటుంది. 24 రంగుల డబ్బాతో ఈ సంగతి ఎన్నాళ్లైనా తెలియదు, ఎందుకంటే నీలం కావాలంటే నీలం ట్యూబు మూత తీస్తాం.

అదే ఐవరీ బ్లాక్‌లో ఓకర్ కలిపితే ఆకుపచ్చ కూడా వస్తుంది. ఇదిగో, మునగాకు పొడి రంగు. మార్స్ బ్లాక్‌తో కలిపితే ఇంత పచ్చదనం రాదు. అందుకే నలుపు కొనేటప్పుడు పేరు కాదు, కోడ్ చూడండి. కోడే వేయని ట్యూబైతే దీనికోసం కొనకండి.

ఇక నాకు ఈ ప్యాలెట్ అన్నిటికంటే నచ్చింది మన ఒంటిరంగుల విషయంలో. యూరప్ ముఖాల కోసం వాడిన రంగులే కానీ, మన చామనఛాయకి ఇంకా బాగా కుదురుతాయి. ఓకర్ ఎక్కువ, ఎరుపు సగం, నలుపు చిటికెడు. తెలుపు వెయ్యకుండానే మంచి గోధుమ రంగు వచ్చేసింది చూడండి. నీడకి ఎరుపు, నలుపు కలిపిన ముదురు రంగు. వెలుతురు పడే చోట మాత్రం వట్టి తెలుపు పెట్టకండి, ముఖం పాలిపోతుంది. మనం వాడే తెలుపు టైటానియం వైట్, చాలా గట్టి రంగు, దేన్లో కలిపినా దాని వేడి, అంటే పసుపు ఎరుపుల ఛాయ, లాగేస్తుంది. తెలుపులో ముందే ఓకర్ కలిపి అప్పుడు నుదుటి మీద పెట్టండి. ముక్కు పక్కన, గడ్డం కింద చల్లగా, అంటే కాస్త నీలంగా కనపడే చోట ఇందాకటి ఐవరీ బ్లాక్ బూడిద. రెడీమేడ్ స్కిన్ కలర్ ట్యూబుల జోలికి మాత్రం వెళ్లొద్దు. ఆ లేత గులాబీ రంగు మన ఇళ్లలో ఎవరి ఒంటిదీ కాదు.

డబ్బా రంగులతో బొమ్మ మురికిగా అయిపోతోందని చాలామంది బాధపడతారు. కారణం ఏంటంటే, డబ్బాలో చాలా రంగులు అప్పటికే రెండు మూడు పిగ్మెంట్లు కలిపి చేసినవి. అలాంటివి రెండు కలిపితే అయిదారు పిగ్మెంట్లు కలిపినట్టు. ఒక్కొక్కటీ కొంత వెలుతురు మింగేస్తుంది, చివరికి మిగిలేది మట్టిరంగు. ఒకే పిగ్మెంట్ ఉన్న నాలుగు ట్యూబులతో ఆ గొడవ చాలావరకు తప్పుతుంది.

ఆరడం గురించి చెప్పాలి. అక్రిలిక్ తడిగా ఉన్నప్పుడు లేతగా, ఆరాక ముదురుగా కనిపిస్తుంది. అందులో ఉండే జిగురు తడిలో పాలలా తెల్లగా ఉండి, ఆరితే గాజులా మారుతుంది కాబట్టి. అంటే నిన్న వేసిన చెంప రంగు ఇవాళ మళ్లీ కలపాలంటే తడి రంగుని చూసి లెక్కేస్తే తేడా వస్తుంది. పక్క కాగితం మీద చుక్క పెట్టి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, అప్పుడు పోల్చండి. నాలుగే రంగులు కాబట్టి ఏది ఎంత ముదురుతుందో చేతికి త్వరగా అలవాటవుతుంది. కలిపిన రంగు ఎండిపోకుండా మూతున్న వెడల్పు ప్లాస్టిక్ డబ్బాలో తడి టిష్యూ పరిచి, పైన బటర్ పేపర్ వేసి, దాని మీద కలుపుకోండి. మూత పెడితే మర్నాటికీ వాడుకోవచ్చు. మన ఎండాకాలంలో ఫ్యాన్ కింద మామూలు ప్లేటులో కలిపితే మాత్రం బ్రష్ ముంచేలోపే పైన పొర కట్టేస్తుంది.

ఇప్పుడు దీంతో కానివి. కోనసీమ వరిచేను ఈ నాలుగు రంగులతో వెయ్యాలనుకోకండి, ఆ లేత పచ్చ రానే రాదు. నెమలి, శంఖుపూలు, రాణీ పింక్ చీర, ఇవేవీ కుదరవు. శుభ్రమైన ఊదా కూడా రాదు, ఎరుపులో నలుపు కలిపితే వచ్చేది మెరూనే. అదే హైదరాబాద్ చుట్టుపక్కల బండరాళ్లు, ఇత్తడి చెంబులు, మట్టి కుండలు, గేదెలు, దీపం వెలుగులో ముఖాలు అయితే ఈ ప్యాలెట్‌కి తిరుగులేదు. మొదటి బొమ్మకి ఇత్తడి చెంబు పెట్టుకోండి. మెరుపు తెలుపూ ఓకరూ, ఒళ్లంతా ఓకర్, నీడ వైపు ఎరుపూ నలుపూ, అంచున బయటి వెలుతురు పడే చోట ఆ బూడిద నీలం. నాలుగూ పనిచేస్తాయి.

నా తీర్పు అడిగితే, ముఖాలు, వస్తువులు వెయ్యాలనుకునేవాళ్లు కళ్లు మూసుకుని దీంతో మొదలుపెట్టండి. ప్రకృతి దృశ్యాల మీదే మనసున్నవాళ్లకి ఇది సరిపడదు. వాళ్లు అల్ట్రామెరీన్ బ్లూ, లెమన్ ఎల్లో, మెజెంటా, తెలుపు తీసుకుని, పక్కన బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ రంగు ఒకటి పెట్టుకోండి. అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా కలిపితే నలుపు ట్యూబు అవసరం లేనంత ముదురు రంగొస్తుంది. ఏది కొన్నా తెలుపు మాత్రం పెద్ద ట్యూబే తీసుకోండి, ముందు అయిపోయేది అదే. ఆ రెండో సెట్‌తో వరిచేను ఎలా వేస్తామో వచ్చే వీడియోలో చూద్దాం. ఉంటానండి.