వైజాగ్ లో ఉండి స్కూల్ కౌన్సెలర్ అవ్వడం ఎలా? డిగ్రీ, డిప్లొమా, వాక్-ఇన్ (నేరుగా వెళ్ళి ఇచ్చే ఇంటర్వ్యూ) అన్నీ స్క్రీన్ మీద

హాయ్ అండి, వాయిస్ క్లియర్ గా వస్తోంది కదా, కిటికీలు మూసేశాను గానీ ద్వారకానగర్ హారన్లు ఎంత మూసినా వస్తాయి, సర్దుకోండి. ఇవాళ వీడియోలో స్కూల్ లో గైడెన్స్ కౌన్సెలర్ గా చేరాలంటే ఏం చదవాలి, ఎక్కడ చదవాలి, ఏ సైట్ లో వెతకాలి, లోపల కూర్చోబెట్టి ఏం అడుగుతారు, ఇవన్నీ వరసగా చూద్దాం. ట్యాబులు ముందే ఓపెన్ చేసి పెట్టుకున్నా, పైన చూడండి, చాలా ఉన్నాయి, కంగారు పడకండి, సగం ట్యాబుల్లో పని అర నిమిషమే.

ముందు ఒక్క క్లారిటీ. స్కూల్ కౌన్సెలర్ మందులు రాయరు, జబ్బు పేరు తేల్చరు. పిల్లాడు క్లాసులో ఎందుకు ముడుచుకుపోతున్నాడు, పరీక్ష అంటే ఎందుకు వణుకుతున్నాడు, టెన్త్ తర్వాత ఏ గ్రూపు, ఇంట్లో గొడవలైతే ఎవరితో చెప్పుకోవాలి, ఇదీ పని. అంతకు మించి ఉంటే డాక్టర్ దగ్గరికి పంపాలి, మనకైతే చినవాల్తేరులో గవర్నమెంట్ మెంటల్ కేర్ హాస్పిటల్ ఉంది. ఎప్పుడు పంపాలో తెలియడమే ఈ ఉద్యోగంలో పెద్ద స్కిల్.

సరే మొదటి ట్యాబ్. ఇది సుప్రీంకోర్టు తీర్పు, 2025 జులై. దీన్ని ముందు ఎందుకు చూపిస్తున్నానంటే ఇది మన ఊరి కేసు నుంచే వచ్చింది, నీట్ కోచింగ్ కోసం వైజాగ్ వచ్చి హాస్టల్ లో ఉన్న ఒక అమ్మాయి 2023 లో చనిపోయింది, ఆ కేసు వింటూ కోర్టు దేశం మొత్తానికి గైడ్ లైన్స్ ఇచ్చింది. ఇక్కడ, ఈ పేరా చూడండి, జూమ్ చేస్తున్నా. 100 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ స్టూడెంట్స్ ఉన్న ప్రతి సంస్థలో కనీసం ఒక క్వాలిఫైడ్ కౌన్సెలర్ గానీ సైకాలజిస్ట్ గానీ సోషల్ వర్కర్ గానీ ఉండాలి. స్కూళ్ళే కాదండి, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు అన్నీ. 100 కంటే తక్కువ ఉంటే బయట నిపుణులతో రెఫరల్ ఏర్పాటు పెట్టుకోవాలి. అంటే ఎంవీపీ కాలనీ నుంచి మధురవాడ దాకా ఎన్ని క్యాంపస్ లు ఉన్నాయో మీరే లెక్కేసుకోండి. అందరూ నిజంగా పెట్టుకుంటున్నారా అంటే అది వేరే వీడియో.

రెండో ట్యాబ్, సీబీఎస్ఈ అఫిలియేషన్ బైలాస్, అంటే సీబీఎస్ఈ స్కూళ్ళు పాటించాల్సిన రూల్స్. పెద్ద పీడీఎఫ్, చదవక్కర్లేదు, కంట్రోల్ ఎఫ్ కొట్టండి, కౌన్సెలర్ అని టైప్ చేయండి, ఎంటర్, ఎంటర్, ఇదిగో. ఫోన్ లో చూస్తున్నవాళ్ళు ఈ ఒక్క పనికి లాప్ టాప్ వాడండి, ఫోన్ లో ఈ పీడీఎఫ్ వెతకడం అంటే నరకం. ఇక్కడ కౌన్సెలింగ్ అండ్ వెల్ నెస్ టీచర్ అని ఉంటుంది, క్వాలిఫికేషన్ కింద 2026 జనవరి సవరణకి ముందు దాకా సైకాలజీ డిగ్రీ లేదా పీజీ, చైల్డ్ డెవలప్ మెంట్ లో పీజీ, లేదా ఏదైనా డిగ్రీకి తోడు కెరీర్ గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా అని ఉండేది, ఇప్పుడున్న మాట కొత్త పీడీఎఫ్ లో చూసుకోండి. ఈ బైలాస్ మారుతుంటాయి, పాత పీడీఎఫ్ లు వాట్సాప్ లో తిరుగుతుంటాయి, కాబట్టి సీబీఎస్ఈ సైట్ నుంచే డౌన్ లోడ్ చేసుకోండి. డిప్లొమా అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది అది.

డిగ్రీ గురించి ఫాస్ట్ గా. ఇంటర్ అయినవాళ్ళు సైకాలజీ ఉన్న బీఏ లేదా బీఎస్సీ చూసుకోండి, రుషికొండలో గీతం లో ఉంది, ఇంకా కొన్ని డిగ్రీ కాలేజీల్లో ఉంది. పీజీ అయితే ఆంధ్రా యూనివర్సిటీ, ఏపీ పీజీసెట్ రాయాలి, అంతే. చిన్న విషయం, ఏయూ లో ఈ డిపార్ట్ మెంట్ పేరు ఒకప్పుడు సైకాలజీ అండ్ పారాసైకాలజీ అని ఉండేది, 1967 లో కోనేరు రామకృష్ణారావు గారు పెట్టారు, టెలిపతీ లాంటివాటి మీద యూనివర్సిటీ లెవెల్ లో రీసెర్చ్ చేశారు మన ఊళ్ళో! ఆయన తర్వాత ఏయూ కి వైస్ ఛాన్సలర్ కూడా అయ్యారు. ఇంటర్వ్యూకి పనికిరాదు గానీ నాకు భలే ఇష్టం ఈ విషయం.

ఇక వేరే డిగ్రీ చేసి ఇటు రావాలనుకునేవాళ్ళు, బీకాం, బీటెక్, బీఈడీ చేసి టీచర్ గా ఉన్నవాళ్ళు, మీకు మొన్నటిదాకా దూరవిద్యలో ఇగ్నో ఎంఏ సైకాలజీ ఉండేది, కానీ 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్ లైన్ లో పెట్టొద్దని యూనివర్సిటీలకి యూజీసీ చెప్పేసింది. అప్పట్లో ఏ డిగ్రీ అయినా సరిపోయేది, ముందే చేరినవాళ్ళకి రీజనల్ సెంటర్ వైజాగ్ లోనే ఉంది. అలా ముందే చేరి ఉంటే, సెకండ్ ఇయర్ లో స్పెషలైజేషన్ అడుగుతుంది, కళ్ళు మూసుకుని కౌన్సెలింగ్ సైకాలజీ పెట్టండి, క్లినికల్ అన్న పేరు చూసి అందరూ అటు పోతారు, స్కూల్ కి వెళ్ళేవాళ్ళకి అది అక్కర్లేదు. ఏ కోర్సుకైనా ఆన్ లైన్ ఫామ్ నింపడం చూపించను, పేరు, ఫోటో, సంతకం, ఫీజు, అంతే. ఫోటో సైజ్ ఎక్కువుందని ఎర్రర్ వస్తే ఆ కంప్రెస్ చేసే సైట్లకి పోకుండా పెయింట్ లో తెరిచి రీసైజ్ కొట్టండి, కంట్రోల్ డబ్ల్యూ, ఐపోయింది. మన సంతకాలు, మార్కుల లిస్టులు ఊరూపేరూ లేని సైట్లలో పడేయడం ఎందుకు.

ఇప్పుడు అసలు స్టెప్. ఇక్కడ కొంచెం ఆగుదాం, ఇక్కడ నన్ను కూడా తిప్పలు పెట్టింది.

ఈ ట్యాబ్ చూడండి, కేంద్రీయ విద్యాలయ వాక్-ఇన్ నోటిఫికేషన్. కేవీ ల్లో కౌన్సెలర్ ని ప్రతి అకడమిక్ ఇయర్ కీ కాంట్రాక్ట్ మీద తీసుకుంటారు, పర్మనెంట్ కాదు, ముందే చెప్తున్నా. వైజాగ్ లో నేవీ ఉంది, స్టీల్ ప్లాంట్ ఉంది, రైల్వే ఉంది, అందుకే మనకి కేవీ లు చాలానే ఉన్నాయి, శ్రీవిజయనగర్, మల్కాపురం, ఎన్ఏడీ, వాల్తేర్, స్టీల్ ప్లాంట్. ఏ స్కూల్ కి ఆ స్కూల్ సైట్ లో పెడుతుంది, మామూలుగా ఫిబ్రవరి, మార్చి ల్లో. ఇప్పుడు కౌన్సెలర్ వరస దగ్గరికి రండి, ఎసెన్షియల్ క్వాలిఫికేషన్. బీఏ లేదా బీఎస్సీ సైకాలజీ, దాని పక్కనే, ఇదిగో కర్సర్ ఉన్న చోట, "విత్ సర్టిఫికెట్ ఆఫ్ డిప్లొమా ఇన్ కౌన్సెలింగ్".

విత్ అండి. లేదా కాదు. చాలామంది ఏం అనుకుంటారంటే నాకు ఎంఏ సైకాలజీ ఉంది కదా, డిప్లొమా కంటే పెద్దది కదా, ఇంక డిప్లొమా ఎందుకు అని. వెరిఫికేషన్ టేబుల్ దగ్గర కూర్చున్న మనిషి అలా ఆలోచించరు, ఆయన దగ్గర ఒక లిస్ట్ ఉంటుంది, ఒక్కో పేపర్ చూసి టిక్ పెడతారు, డిప్లొమా గడి ఖాళీగా ఉంటే మీ ఎంఏ గోల్డ్ మెడల్ అయినా సరే పక్కన కూర్చోండి అంటారు. ఒక వాక్-ఇన్ లో నన్నూ అలాగే పక్కన కూర్చోబెట్టారు, ఆయన తప్పేం లేదు, రూల్ అది.

ఇంకో మెలిక కూడా ఉంది ఇందులో. డిగ్రీ బీకాం, పీజీ సైకాలజీ అనుకోండి, నోటిఫికేషన్ లో బీఏ, బీఎస్సీ అని మాత్రమే ఉంటే? ఒక్కో నోటిఫికేషన్ లో ఒక్కో మాట మారుతుంది, కాబట్టి వెళ్ళేముందు స్కూల్ ఆఫీస్ కి ఫోన్ చేసి నా డిగ్రీ ఇదండి, పీజీ ఇదండి, చెల్లుతుందా అని అడిగేయండి. మొహమాటపడొద్దు. గాజువాక నుంచి రెండు బస్సులు మారి వెళ్ళి టేబుల్ దగ్గర తెలుసుకోవడం కంటే ఫోన్ బెటర్ కదా. అలాగే పర్స్యూయింగ్, అంటే ఇంకా చదువుతున్నా అని రాస్తే డిప్లొమా ఉన్నట్టు కాదు, ఇంటర్వ్యూ తేదీకి సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. రెండు రోజుల జూమ్ వర్క్ షాప్, శనాదివారాల్లో సర్టిఫైడ్ కౌన్సెలర్ అయిపోండి, అవి డిప్లొమాలు కావు. ఇన్ స్టా లో రోజూ కనిపిస్తాయి, దండం పెట్టి స్క్రోల్ చేసేయండి.

మరి ఏది చేయాలి? నా ఓటు ఎన్సీఈఆర్టీ వాళ్ళ డిప్లొమా ఇన్ గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ కి. ఏడాది కోర్సు, జనవరిలో మొదలు, మొదటి ఆర్నెల్లు ఇంటి దగ్గర చదువుకోవడం, తర్వాత మూడు నెలలు సెంటర్ కి వెళ్ళి కూర్చోవాలి, చివరి మూడు నెలలు మన ఊళ్ళోనే ఇంటర్న్ షిప్. టీచర్లకి, సైకాలజీ, ఎడ్యుకేషన్, సోషల్ వర్క్ లాంటి పీజీ లు ఉన్నవాళ్ళకి. ఇక్కడ ఒక తమాషా ఉంది, మనకి దగ్గర భువనేశ్వర్, రాత్రి ట్రైన్ ఎక్కితే తెల్లారేసరికి దిగిపోతాం, అక్కడ రీజనల్ ఇన్ స్టిట్యూట్ కూడా ఉంది, కానీ ఆంధ్రా వాళ్ళకి ఇచ్చిన సెంటర్ మైసూరు! ఏం చేస్తాం, మూడు నెలలు మైసూరులో ఉండి వచ్చేయడమే. ఉద్యోగం చేసే టీచర్లు ఆ మూడు నెలల సెలవు సంగతి మీ మేనేజ్ మెంట్ తో ముందే మాట్లాడుకోండి, అప్లై చేశాక కాదు, అప్లై చేయకముందు. ఆగస్టు నుంచే సైట్ చూస్తూ ఉండండి. అంత దూరం కుదరదంటే ఇగ్నో పోర్టల్ లో కౌన్సెలింగ్ అండ్ ఫ్యామిలీ థెరపీ డిప్లొమా చూడండి, ఆ ఏడాది అడ్మిషన్ ఇస్తున్నారో లేదో, మీ డిగ్రీకి ఇస్తారో లేదో చూసుకుని. పీజీ అయ్యాక డిప్లొమా అని వాయిదా వేసుకోకండి, పీజీ చేస్తుండగానే దీని ప్లాన్ వేసుకోండి, లేకపోతే ఒక సీజన్ మొత్తం పోతుంది.

హమ్మయ్య. నీళ్ళు తాగి వస్తా, ఒక్క నిమిషం.

నెక్స్ట్, ప్రైవేట్ స్కూళ్ళు. జాబ్ సైట్ లో కౌన్సెలర్, విశాఖపట్నం అని కొడితే చూడండి ఏం వచ్చిందో, అడ్మిషన్ కౌన్సెలర్, అడ్మిషన్ కౌన్సెలర్, టార్గెట్లు, ఇన్సెంటివ్ లు, టూ వీలర్ తప్పనిసరి. ఇవన్నీ సీట్లు అమ్మే ఉద్యోగాలు. అడ్మిషన్ అన్న పదాన్ని తీసేసి స్కూల్, వెల్ నెస్, సైకాలజీ అని వేసి సెర్చ్ చేయండి. అంతకంటే నా పద్ధతి ఏంటంటే, ఏ సైటూ చూడకుండా ఒక షీట్ లో మన ఊరి సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ స్కూళ్ళ పేర్లు రాసుకుని, జనవరిలో ఒక్కో స్కూల్ కి రెజ్యూమె పట్టుకుని నేరుగా వెళ్ళడం. ప్రిన్సిపాల్ దొరక్కపోయినా ఆఫీస్ లో ఇచ్చి రండి.

టెస్టుల సంగతి ఇంటర్వ్యూలో కచ్చితంగా అడుగుతారు. సీబీఎస్ఈ, ఎన్సీఈఆర్టీ కలిసి తెచ్చిన తమన్నా అని ఒక యాప్టిట్యూడ్ టెస్ట్ ఉంది, 9, 10 తరగతులకి, ఏడు అంశాలు చూస్తుంది, ఫ్రీ. హాలండ్ కోడ్స్, అంటే ఆసక్తుల్ని బట్టి సరిపడే ఉద్యోగాల రకాలు, వాటి కోసం ఓనెట్ ఇంట్రెస్ట్ ప్రొఫైలర్ అనే ఆన్ లైన్ టెస్ట్, షార్ట్ ఫామ్ లో 60 ప్రశ్నలే, ఇదీ ఫ్రీ, కానీ చివర్లో చూపించే ఉద్యోగాలు అమెరికావి, మనం మన ఊరికి మార్చి చెప్పాలి. వేలకి వేలు తీసుకుని 40 పేజీల రంగుల రిపోర్ట్ ఇచ్చే ప్యాకేజీలు నాకు నచ్చవు, అమ్మానాన్నలు లాస్ట్ పేజీ మాత్రమే చూస్తారు.

ఇక డెమో, అంటే ఇంటర్వ్యూలో ఒక సందర్భం చెప్పి మీరేం చేస్తారో చూపించమనడం. ఎక్కువగా అడిగేది ఇదే, టెన్త్ పిల్లాడి నాన్న వచ్చి "మావోడికి ఎంపీసీ చెప్పండమ్మా, మీరు చెప్తే ఇంటాడు" అన్నారు, పిల్లాడు తల దించుకుని కూర్చున్నాడు, మీరేం చేస్తారు? నాన్నగారికి లెక్చర్ ఇవ్వొద్దు, అక్కడే చాలామంది పోతారు. ముందు ఆయన భయం వినండి. తర్వాత పిల్లాడితో విడిగా పది నిమిషాలు. తర్వాత ముగ్గురూ కలిసి, అప్పుడు దారులు చెప్పండి, దీనికి మీకు దారులు తెలిసుండాలి, ఎంపీసీ, బైపీసీ, ఎంఈసీ, సీఈసీ తో పాటు ఇప్పుడు ఇంటర్ బోర్డ్ 2025-26 నుంచి ఎంబైపీసీ కూడా తెచ్చింది, లెక్కలు వదలకుండా బయాలజీ చదవొచ్చు. పాలిసెట్ రాస్తే కంచరపాలెం పాలిటెక్నిక్, టెన్త్ మార్కుల మీద ట్రిపుల్ ఐటీ, మనకి దగ్గర శ్రీకాకుళం క్యాంపస్. ఐటీఐ చేస్తే నేవల్ డాక్ యార్డ్ అప్రెంటిస్ స్కూల్ ఉంది, వైజాగ్ పిల్లలకి దీని గురించి చెప్పేవాళ్ళే లేరు, అదీ నా బాధ. ఆ ఒక్క పేరు చెప్పినా ప్యానెల్ లో ఒకరు తలెత్తి చూస్తారు.

రెండో ప్రశ్న, పిల్ల మీతో ఒకటి చెప్పి ఎవరికీ చెప్పొద్దు మేడమ్ అంది, చెప్తారా చెప్పరా? ఎవరికీ చెప్పను అని ఎప్పుడూ మాటివ్వకండి. మొదటి సెషన్ లోనే చెప్పేయాలి, నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది, కానీ నీకు గానీ ఇంకొకరికి గానీ ప్రమాదం అనిపిస్తే, నిన్ను ఎవరైనా ఇబ్బంది పెడుతుంటే, నేను చెప్పాల్సి వస్తుంది, అప్పుడూ ముందు నీతో చెప్పాకే చెప్తా అని. లైంగిక వేధింపు అయితే ఇంక మన ఇష్టం కాదు, పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012, సెక్షన్ 19, పోలీసులకి తెలియజేయాల్సిందే, దాచిపెడితే సెక్షన్ 21 కింద మన మీదే కేసు. ప్రిన్సిపాల్ గారు స్కూల్ పరువు, కాస్త ఆగుదాం అంటే? ఈ ఫాలో అప్ కూడా అడుగుతారు. ఆగం అండి. చట్టం చెప్పింది చెప్పినట్టు చెప్పండి, తడబడొద్దు. 1098 చైల్డ్ హెల్ప్ లైన్, 14416 టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్ లైన్, ఈ రెండు నంబర్లు నోటికి వచ్చి ఉండాలి, మీ రూమ్ గోడ మీద కూడా ఉండాలి.

నోట్స్ ఎక్కడ రాస్తారు అని అడిగితే, లాక్ ఉన్న బీరువాలో లాంగ్ నోట్ బుక్, పేరు బదులు కోడ్, ఆ కోడ్ ఎవరిదో రాసిన కాగితం వేరే చోట. గూగుల్ షీట్ అంటే నాకు ప్రాణం గానీ ఇక్కడ మాత్రం వద్దు, స్టాఫ్ రూమ్ కంప్యూటర్ లో ఎవరో ఒకరు లాగిన్ అయ్యే ఉంటారు.

ఫైల్ లో పెట్టుకోవాల్సినవి స్క్రీన్ మీద ఉన్నాయి, పాజ్ కొట్టి స్క్రీన్ షాట్ తీసుకోండి. అన్నీ ఒరిజినల్స్, రెండేసి సెట్ల జిరాక్స్, డిప్లొమా సర్టిఫికెట్ పైనే, అందరికంటే పైన. వాక్-ఇన్ కి టైమ్ తొమ్మిది అంటే ఎనిమిదిన్నరకే గేటు దగ్గర ఉండండి, టోకెన్ల పద్ధతి పెట్టారంటే మధ్యాహ్నం దాకా కూర్చోవాలి, టిఫిన్ చేసి వెళ్ళండి. లింకులు అన్నీ వీడియో కింద పెడుతున్నా, బైలాస్ పీడీఎఫ్ మాత్రం పెట్టను, సైట్ లింకే పెడతా, ఎందుకో చెప్పాను కదా. ఉంటా అండి.