దీపం అందరిదీ, ఖర్చు ఎవరిది?

అందరికీ నమస్కారం.

లైట్‌హౌస్ అనగానే కెరటాలు, సాయంత్రపు ఎండ, ఫోటోలు గుర్తొస్తాయి. నేను ఈ పూట డబ్బు సంగతి మాట్లాడదామని వచ్చాను. నడిసముద్రంలో దీపం పెడితే దాని ఖర్చు ఎవరి నెత్తిన పడాలి? ఈ ఒక్క ప్రశ్న ఈస్టిండియా కంపెనీ దొరలను, వర్తకులను దాదాపు పదిహేనేళ్లు తిప్పలు పెట్టింది. సింగపూర్ జలసంధి తూర్పు ముఖద్వారంలో ఉన్న పెడ్రా బ్రాంకా అనే రాయి కథ ఇది.

రాయి అనే అంటాను, దీవి అనడానికి మనసొప్పదు. పొడవు 137 మీటర్లు, సగటు వెడల్పు 60. పక్షుల రెట్టలతో తెల్లబడిన గ్రానైట్ బండ. సింగపూర్‌కు 24 నాటికల్ మైళ్లు, ఇప్పటి మలేసియాలోని జోహోర్ తీరానికి ఎనిమిది మైళ్లకు కాస్త తక్కువ. చైనా నుంచి సింగపూర్ వైపు వచ్చే ఓడ దీని పక్క నుంచే పోవాలి. పగలైతే కనిపిస్తుంది. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, రాత్రిపూట, వానలో చిక్కుకున్న తెరచాప ఓడకు మాత్రం అది తగిలేదాకా తెలియదు.

ఇప్పుడు జేమ్స్ హార్స్‌బర్గ్ గురించి రెండు మాటలు. స్కాట్లాండ్ మనిషి. 1786లో తప్పుల తడక పటాన్ని నమ్ముకుని వెళ్తే ఆయన పనిచేస్తున్న ఓడ హిందూ మహాసముద్రంలోని డియెగో గార్సియా దీవి దగ్గర ముక్కలైంది. ఆ దెబ్బతో పటాలు సరిచేయడమే ఆయన బతుకైపోయింది. 1810లో ఈస్టిండియా కంపెనీకి హైడ్రోగ్రాఫర్, అంటే సముద్ర పటాలు చూసే అధికారి, అయ్యాడు. ఏ రేవులో లోతెంత, ఏ నెలలో గాలి ఎటు, ఏ దిబ్బకు ఎంత దూరం జరగాలి అన్నీ కూర్చి ఆయన రాసిన మార్గదర్శి తూర్పు సముద్రాల్లో ప్రతి కెప్టెన్ చేతిలోనూ ఉండేది. మన కోరమండల్ తీరం కూడా అందులో ఉంది. 1836లో ఆయన పోయాడు.

అదే ఏడాది నవంబరులో చైనా రేవు కాంటన్‌లోని బ్రిటిష్ వర్తకులు కూడి, ఆయన పేరిట ఒక లైట్‌హౌస్ కట్టించాలని చందాలు పోగేశారు. ముందున్నది జార్డిన్ మాథెసన్ కంపెనీ వాళ్లు. వాళ్ల ముఖ్య వ్యాపారం ఏమిటో మీకు తెలుసు, నల్లమందు. బెంగాల్‌లోనూ మాళవలోనూ మన రైతులు పండించిన సరుకే. ఆ పుణ్యకార్యానికి పడ్డ డాలర్లలో నల్లమందు వాసన లేనివి ఎన్నో నేను చెప్పలేను. అయితే వాళ్ల ఓడలు రోజూ ఆ బండ పక్క నుంచే తిరిగేవి. స్మారకమూ అయింది, స్వార్థమూ తీరింది.

చందాలు వచ్చాయి గానీ చాలలేదు. మిగతాది ఈస్టిండియా కంపెనీ పెట్టుకోవాలని వర్తకుల కోరిక. కంపెనీ లెక్క వేరు. సింగపూర్‌ను పాలించేది కలకత్తా, ఖజానా కూడా అక్కడిదే. పైగా సింగపూర్ పుట్టుక నుంచే సుంకం లేని రేవు. అక్కడి వర్తకులకు పన్ను అన్న మాట వింటేనే ఒళ్లు మండేది. ఆ ఊరి గొప్పంతా ఆ ఉచితంలోనే ఉంది కదా!

ఇక్కడ ఒక చిక్కు ఉంది. లైట్‌హౌస్ వీధి దీపం లాంటిది. డబ్బు కట్టనివాడి మీద వెలుగు పడకుండా చెయ్యలేం. రేవులోకి వచ్చిన ఓడ దగ్గర పన్ను వసూలు చెయ్యొచ్చు. ఆగకుండా చక్కా పోయే ఓడ కూడా అదే వెలుగులో దారి చూసుకుంటుంది, దాని దగ్గర పైసా రాదు. అందుకే అందరికీ దీపం కావాలి, అందరూ పక్కవాడు కడతాడని చూశారు.

ఈ సాగదీతలోనే చోటు గురించీ తర్జనభర్జన. చందాదారులకు పెడ్రా బ్రాంకా మీద మోజు. 1844లో నౌకాదళం తరఫున చూసిన కెప్టెన్ బెల్చర్ తీరానికి దగ్గరగా ఉన్న పీక్ రాక్ మేలన్నాడు. సింగపూర్ ప్రాంతపు గవర్నర్ బటర్‌వర్త్, మద్రాసు సైన్యం నుంచి వెళ్లిన అధికారి, జోహోర్ సుల్తానుకూ, తెమెంగాంగ్ అనే అక్కడి పెద్ద అధికారికీ ఉత్తరాలు రాశాడు. 1844 నవంబరు 25న ఇద్దరూ సంతోషంగా ఒప్పుకుంటూ జవాబిచ్చారు. జవాబులు దొరికాయి. బటర్‌వర్త్ రాసిన ఉత్తరాలు మాత్రం ఇప్పటికీ దొరకలేదు. ఆయన ఏ చోటు అడిగాడు, ఎలా అడిగాడు? ఈ ముక్క గుర్తుంచుకోండి.

చివరికి మళ్లీ పెడ్రా బ్రాంకానే ఖాయమైంది. పని ప్రభుత్వ సర్వేయర్ జాన్ టర్న్‌బుల్ థామ్సన్ మీద పడింది. ఆయన చేసిన ఒక పని నాకు బాగా నచ్చుతుంది. లెక్కలు కట్టేముందు ఆ బండ మీద ఇటుకలతో కొన్ని స్తంభాలు కట్టించి వదిలేశాడు, రుతుపవనాల అలల సత్తా ఎంతో చూద్దామని. కాలం మారాక వెళ్లి చూస్తే అలలు వాటిని కూలదోసి పోయాయి. ఇక ఇటుక మాట ఎత్తకుండా చెక్కిన గ్రానైట్ అన్నాడు. ఖర్చు పెరిగింది. పెరిగినా, నాలుగు ఇటుకలు పోగొట్టుకుని గోపురం మొత్తాన్ని కాపాడుకున్నాడు. ఇవాళ్టి కాంట్రాక్టుల్లో ఇంత ఓపిక నేను తక్కువే చూశాను.

రాయి పులావ్ ఉబిన్ దీవి నుంచి వచ్చింది. కొట్టినవాళ్లలో ఎక్కువమంది చైనావాళ్లు, పడవలు నడిపినవాళ్లు మలయులు. సముద్రపు దొంగల భయానికి రెండు తుపాకీ పడవలు కాపలా. ఈశాన్య గాలి లేచిన నెలల్లో పని బంద్. 1850 మే 24న, విక్టోరియా రాణి పుట్టినరోజున, శంకుస్థాపన. 1851లో దీపం వెలిగింది. థామ్సన్ ఆరోగ్యం అక్కడే చెడింది. తర్వాత ఆయన న్యూజిలాండ్ వెళ్లి, ఆ దేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు.

మొత్తం ఖర్చు సుమారు 23,665 స్పానిష్ డాలర్లు. చందాల వాటా మూడో వంతుకు తక్కువే. మిగతాది కంపెనీ పెట్టింది, కానీ దానంగా కాదు. 1852లో కలకత్తా ఆరో నంబరు చట్టం చేసి, ఓడల నుంచి దీపం సుంకం రాబట్టుకునే ఏర్పాటు చేసుకుంది. లైట్‌హౌస్ మీద యాజమాన్యాన్ని కూడా అదే చట్టంలో తన పేర రాయించుకుంది. 1854లో మరో చట్టం దాని స్థానంలోకి వచ్చి, మలక్కా జలసంధిలో లంగరేసిన తేలే దీపాన్ని కూడా ఇదే పద్దులో కలిపేసింది. పేరు హార్స్‌బర్గ్‌ది, ఘనత వర్తకులది, బిల్లు మాత్రం ఆ తర్వాత రేవుకొచ్చిన ప్రతి ఓడది. సొమ్మొకరిది సోకొకరిది అంటారే, అది.

ఇంతటితో అయిపోయిందనుకుంటే పొరపాటు. 1953 జూన్‌లో సింగపూర్ వలస ప్రభుత్వం జోహోర్‌కు ఒక ఉత్తరం రాసి, ఈ రాయి సంగతి తేల్చమంది. లైట్‌హౌస్ కట్టి, అప్పట్నుంచీ నడుపుతున్నది మేమే కాబట్టి మాకు కొన్ని హక్కులూ బాధ్యతలూ ఉంటాయి కదా అన్నది దాని సారం. సెప్టెంబరు 21న జోహోర్ తాత్కాలిక కార్యదర్శి నాలుగు ముక్కల్లో తేల్చేశాడు, ఆ రాయి మీద మేము యాజమాన్య హక్కు కోరడం లేదని.

1979లో మలేసియా పటం ఆ రాయిని తనదిగా చూపించింది. గొడవ ది హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లింది. 2008 మే 23న తీర్పు వచ్చింది. మొదట ఆ రాయి జోహోర్‌దే, 1980 నాటికి మాత్రం సింగపూర్‌ది అయిపోయిందని 12 మంది న్యాయమూర్తులు అన్నారు, నలుగురు కాదన్నారు. వలస ఖజానా దీపం కట్టినంత మాత్రాన రాయి దాని సొంతం కాలేదు. పక్కన మునిగిన ఓడల మీద విచారణలు సింగపూర్ జరిపింది, రాయి మీదికి వెళ్లడానికి మలేసియా అధికారులే సింగపూర్‌ను అనుమతి అడిగారు, వీటికి తోడు 1953 నాటి ఆ చిన్న ఉత్తరం. కోర్టు వీటన్నిటినీ కలిపి తూచింది. 1844లో జోహోర్ ఇచ్చిన ఒప్పుకోలు ఈ రాయికి వర్తిస్తుందా లేదా అన్నది మాత్రం తేల్చలేకపోయింది. బటర్‌వర్త్ ఉత్తరాలు ఉంటే కథ ఎటు తిరిగేదో! పక్కనున్న మిడిల్ రాక్స్ మలేసియాకు దక్కాయి. పోటు వస్తే మునిగిపోయే సౌత్ లెడ్జ్ ఎవరి జలాల్లో ఉంటే వాళ్లదన్నారు, ఆ జలాల హద్దు గీసే పని మళ్లీ ఆ రెండు దేశాలకే వదిలేశారు.