బీడు చేనును మళ్లీ సేద్యంలోకి తేవడం

అందరికీ నమస్కారం. మన అనంతపురం మెట్టలో నాలుగేళ్లు వదిలేసిన చేను చూడగానే మనకు మొదట గుర్తొచ్చేది రోటవేటర్. గంటలో చేను నున్నగా కనబడుతుంది, నిజమే. కానీ అందులో గరిక ఉంటే ఆ యంత్రం చేసేది కలుపుతీత కాదు, నారు పోయడం. తీగ ముక్కలవుతుంది, కణుపున్న ప్రతి ముక్కా మొలుస్తుంది. అందుకే ముందు చేనంతా తిరిగి, గరిక, తుంగ ఉన్న చెక్కల్లో (నేల ముక్కల్లో) పుల్లలు నాటి గుర్తు పెట్టుకోండి.

తుంగగడ్డలు చాలావరకు పై జానెడు మట్టిలోనే ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో ఆ చెక్కలను మాత్రమే మడకతో లోతుగా తిరగేసి, రెండు వారాలు ఎండబెట్టండి. మధ్యలో వాన పడితే గడ్డ మళ్లీ బతుకుతుంది. ఇంకోసారి దున్నక తప్పదు. చేనంతా దున్నితే అనంతపురం ఎర్రమట్టి గాలికి లేచిపోతుంది.

సర్కారు తుమ్మను నేలమట్టానికి నరికితే ఒకటికి పది చిగుళ్లు వస్తాయి. అడుగు లోతు తవ్వి మొదలుగడ్డతో సహా తీయాలి. ఎరువు కోసం చేలో మంద కట్టించేటప్పుడు గొర్రెలు ఏం మేసి వచ్చాయో కూడా అడగండి. తుమ్మకాయలు తిన్న మంద ఎరువుతో పాటు విత్తనమూ వేసిపోతుంది! వయ్యారిభామను పూతకు ముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతులకు తొడుగులు వేసుకుని వేరుతో పీకాలి.

ఇక అసలు పని. మొదటి ఏడు చెనిక్కాయ (వేరుశనగ) ఆశ వదులుకోండి. సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోట ఒకే ఖరీఫ్‌లో కలుపునూ అణచి, కాయనూ పండించాలంటే రెండూ చెడతాయి. పైగా సరిగా కుళ్లని పచ్చిరొట్ట (ఎరువు కోసం పెంచి పచ్చిగానే నేలలో కలియదున్నే పైరు) మీద చెనిక్కాయ వేస్తే మొదలుకుళ్లు శిలీంద్రానికి మేత పెట్టినట్టే.

మృగశిర, ఆరుద్ర వానలకు (జూన్, జూలై మొదట్లో) పచ్చిరొట్టగా ఎకరాకు 20 కిలోల జనుము వేయండి. విత్తనం కోసం పెంచే లెక్కన పలచగా వేస్తే మొక్కల సందున ఎండ దిగుతుంది, కలుపు నవ్వుకుంటుంది. తుంగకు నీడ గిట్టదు; జనుము పనంతా ఆ నీడే. ముందుగా 100 గింజలు తడి గోనెలో చుట్టి చూడండి, 80 మొలవకపోతే ఆ మేరకు విత్తనం పెంచండి. జీలుగ తడి నేలలకు, చౌడుకు మంచిది. మెట్ట ఎర్రనేలకు జనుమే మేలు. నీళ్లు నిలిచే పల్లంలో మాత్రం జనుము నిలవదు.

45, 50 రోజులకు, పూత మొదలవగానే, పదునున్నప్పుడు కలియదున్నాలి. ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు. ఇంకా పెరగనిద్దామని ఆగితే కాడ నారెక్కి త్వరగా కుళ్లదు, కుళ్లేటప్పుడు నేలలోని నత్రజనిని అదే లాక్కుంటుంది, మిగిలిన తడినీ తాగేస్తుంది. ఎండు కాడలు గొర్రుకు చుట్టుకుని విత్తనమూ సరిగా పడదు.

రెండు మూడు వారాలు ఆగి, మఖ, పుబ్బ కార్తెల్లో (ఆగస్టు రెండో సగం, సెప్టెంబరు మొదట్లో) ఎకరాకు 8 నుంచి 10 కిలోల ఉలవ వేయండి. ఎక్కువ వాన సెప్టెంబరులోనే కాబట్టి ఉలవ అల్లుకుని నేల కప్పేస్తుంది. గింజలతో మొదటి ఏడు ఖర్చులో కొంతైనా తిరిగొస్తుంది. కోతకు కొడవలి వాడండి, వేళ్లు నేలలోనే ఉండనివ్వండి. కోశాక తుంగ ఇంకా ఎక్కడెక్కడ కనబడుతుందో అక్కడ మళ్లీ పుల్లలు నాటండి. వచ్చే మే నెలలో మడక కట్టాల్సింది ఆ చెక్కల్లోనే.