నాలుగు పోర్షన్ల ఇల్లు కొంటే అద్దెలే ఈఎంఐ కడతాయా?

(తెర మీద: విజయనగరంలో ఒక వీధి. రెండంతస్తుల మేడ, గేటుకి టు-లెట్ బోర్డు.)

నమస్కారం అండీ. అమెరికా వీడియోలు చూసి చాలామంది అడుగుతున్నారు: "నాలుగు వాటాల ఇల్లు కొని, ఒకదాంట్లో మనముండి, మూడు అద్దెకిస్తే ఈఎంఐ దానంతటదే కట్టుకుపోతుందట కదా?" అక్కడ ఎఫ్‌హెచ్‌ఏ లోన్ అని, ప్రభుత్వ సంస్థ పూచీ ఉండే ఇంటి అప్పు ఒకటుంది. నాలుగు వాటాల వరకూ ఉన్న ఇంట్లో కొన్నవాళ్లే కాపురముంటే, చేతి డబ్బు మూడున్నర శాతం ఉన్నా చాలు. వడ్డీ రేటు కూడా ముప్ఫై ఏళ్లపాటు కదలకుండా దొరుకుతుంది. మన దగ్గర ఆ రెండూ మామూలుగా దొరకవు. లెక్క వేసి చూద్దాం.

(తెర మీద: వైట్‌బోర్డు, మార్కర్.)

తోటపాలెం వైపు కింద రెండు, పైన రెండు పోర్షన్లున్న ఇల్లు 55 లక్షలు చెప్పారనుకోండి. పోర్షన్‌కి 7 వేలు అద్దె. ఇవి లెక్క కోసం నేను అనుకున్న అంకెలు, మీ వీధి ధరలు మీరు కనుక్కోండి. మీరు అందులో ఉండకుండా నాలుగూ అద్దెకిస్తే నెలకి 28 వేలు; ఒకదాంట్లో మీరుంటే ఇంకా తక్కువ.

హోమ్‌లోన్ 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉంటే, ఇంటి విలువలో 80 శాతం మించి ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. అంటే 44 లక్షలు. 9 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే లక్షకి సుమారు 900 చొప్పున ఈఎంఐ 39,600. వచ్చేది 28 వేలు, కట్టేది దాదాపు 40 వేలు. ప్రతి నెలా జీతంలోంచి 12 వేలు పడాల్సిందే. ఖాళీగా ఉన్న నెలలు, రంగులు, కాలిపోయిన మోటారు ఇంకా ఇందులో లేవు.

అందుకని బ్యాంకు ఎంతిస్తుందో ముందు అడక్కండి. అద్దె ఎంత అప్పు మోయగలదో చూసుకుని, అక్కణ్ణించి వెనక్కి లెక్క వేయండి. 28 వేలల్లో ఖాళీలకీ, ఇంటి పన్నుకీ, మరమ్మతులకీ 15 శాతం పక్కన పెడితే 23,800 మిగులుతుంది. ఆ ఈఎంఐకి వచ్చేది 26 లక్షల అప్పు. మిగతా 29 లక్షలు మీ దగ్గరుండాలి. పైగా రిజిస్ట్రేషన్: స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, ఫీజు ఒకటి, వెరసి 7.5 శాతం. 55 లక్షల మీద 4 లక్షల పైమాటే, ఇదీ మీ జేబులోంచే. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవాళ్లకిచ్చే సొమ్ములో 1 శాతం టీడీఎస్, అంటే వాళ్ల తరఫున ఆదాయపు పన్ను, పట్టుకుని మీరే జమ చేయాలి.

"అంత డబ్బే ఉంటే నీ వీడియో ఎందుకు చూస్తాం" అంటారా? ధర తక్కువున్న ఇల్లు వెతకండి, లేదా అన్నదమ్ములు కలిసి కొనండి. అప్పు మాత్రం పెంచకండి. మన హోమ్‌లోన్లు ఎక్కువగా ఫ్లోటింగ్, అంటే వడ్డీ మారుతూ ఉండేవి; రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద వేసే రెపో రేటు పెరిగితే ఈఎంఐ అయినా పెరుగుతుంది, నెలలైనా పెరుగుతాయి. ఒక మేలుంది: ఫ్లోటింగ్ హోమ్‌లోన్ ముందే తీర్చేస్తే పెనాల్టీ లేదు.

బేరం దగ్గర "సగం వైట్, సగం క్యాష్" అంటారు. దస్తావేజులో ధర తగ్గిస్తే మీకొచ్చే లోనూ తగ్గుతుంది. రేపు మీరు అమ్మినప్పుడు లాభం ఎక్కువ కనిపించి పన్ను మీ మీదే పడుతుంది. నేనైతే అక్కడే లేచి వచ్చేస్తాను.

(తెర మీద: శ్రీకాకుళం, ఎచ్చెర్ల రోడ్డు.)

ఇక ఎక్కడ కొనాలి? భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి ఎన్ని లేఅవుట్లు అమ్ముతున్నారో మీకు తెలుసు. స్థలం ధర పెరగడం వేరు, వచ్చే నెల ఒకటో తారీఖున అద్దె చేతికి రావడం వేరు. నెల జీతమొచ్చే మనుషులు నడిచి వెళ్లేంత దూరంలో చూడండి: విజయనగరంలో గాజులరేగ మెడికల్ కాలేజీ, జేఎన్‌టీయూ గురజాడ, శ్రీకాకుళంలో రిమ్స్, ఎచ్చెర్లలో అంబేడ్కర్ యూనివర్సిటీ. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ పిల్లల్ని లెక్కలోకి తీసుకోకండి, వాళ్లు క్యాంపస్ హాస్టల్లోనే ఉంటారు. అక్కడి సిబ్బంది వేరే సంగతి. పైడిభీమవరం ఫార్మా ఉద్యోగుల కోసమైతే రణస్థలం వైపు అద్దెలు వాకబు చేయండి.

ఇలాంటి పాత ఇళ్లు యాప్‌లలో అరుదుగా కనిపిస్తాయి. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో స్థిరపడి, మెట్లెక్కలేక అమ్మేద్దామనుకుంటున్న రిటైర్డ్ మాస్టారి ఇల్లు బ్రోకరు కంటే ముందు ఇస్త్రీ బండి ఆయనకి తెలుస్తుంది. ఆయన్నే ఇంకోటి అడగండి: "ఈ వీధిలో పోర్షన్ ఖాళీ అయితే ఎన్నాళ్లకి నిండుతోంది బాబూ?" నా లెక్కలో 15 శాతం అన్నానే, దాని నిజం ఆయన జవాబులో ఉంటుంది.

ఇల్లు నచ్చితే ముప్ఫై ఏళ్ల ఈసీ (ఆ ఇంటి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) తీయించండి, లింకు డాక్యుమెంట్లు, అంటే పాత యజమానుల దస్తావేజులు చూడండి, సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందేమో చూడండి. దేవాదాయ, ప్రభుత్వ భూములు అందులోనే తేలతాయి. ఈసీలో కోర్టు కేసులన్నీ కనబడవు. పిత్రార్జితమైతే ఆడపిల్లల సంతకాలూ ఉండాలి, 2005 చట్ట సవరణ తర్వాత వాళ్లకీ సమాన హక్కే. ప్లానులో లేని పై అంతస్తుకి అద్దె వస్తుందేమో గానీ, బ్యాంకు విలువ కట్టకపోవచ్చు. పోర్షన్‌కో కరెంటు మీటరుందా చూడండి. అందరికీ ఒకటే మీటరైతే యూనిట్లన్నీ కలిసి పై స్లాబులోకి పోతాయి, ప్రతి నెలా పంచాయితీ మీ గుమ్మంలోనే.

(తెర మీద: మళ్లీ వైట్‌బోర్డు.)

చివరగా ఆదాయపు పన్ను. అద్దెలో ఇంటి పన్ను పోగా 30 శాతం ఖర్చుల కింద తీసేస్తారు, బిల్లులు చూపక్కర్లేదు. ఏడాదికి 3 లక్షల 36 వేల అద్దెలో 2 లక్షల 35 వేలు మిగులుతుంది. దాంట్లోంచి లోన్ వడ్డీ తీసేయొచ్చు. 26 లక్షల అప్పుకి మొదటి ఏడాది వడ్డీ సుమారు 2 లక్షల 32 వేలు, కాబట్టి పన్ను దాదాపు సున్నా. అదే 44 లక్షలైతే వడ్డీ 3 లక్షల 90 వేలు దాటుతుంది. ఆ పైన తేలిన నష్టాన్ని పాత విధానంలో ఏడాదికి 2 లక్షల వరకు జీతంలోంచి తగ్గించుకోవచ్చు. కొత్త విధానంలో ఆ నష్టాన్ని జీతంలోంచి ఒక్క రూపాయి కూడా తగ్గించుకోనివ్వరు.